నోట్ల కింద సరిగమలు రాయకండి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ కీబోర్డు నేర్చుకునేవాళ్ల పుస్తకం ఏదైనా తెరిచి చూడండి. అచ్చులో ఉన్న ప్రతి నోటు (స్వరం గుర్తు) కిందా పెన్సిలుతో స, రి, గ అనో, ఇంగ్లీషు పేర్లతో సి, డి, ఇ అనో రాసి ఉంటుంది. "కింద సరిగమలు రాసియ్యండి సార్, రెండు రోజుల్లో వాయించేస్తా" అని అడుగుతారు. మేష్టారు రాసిస్తారు. రెండు రోజుల్లో పాట నిజంగానే వచ్చేస్తుంది. ఏడాది తర్వాత అదే మనిషి ముందు ఏమీ రాయని కొత్త కాగితం పెడితే వేళ్లు కదలవు. పాతిక పాటలు వచ్చి ఉంటాయి, చదవడం మాత్రం మొదలే అయి ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద, వాటి నడుమ సందుల్లో చుక్కలు పెట్టి రాసే పాశ్చాత్య పద్ధతి, అక్షరాల లిపి కాదు, ఎత్తుపల్లాల పటం. దాన్ని పేర్లుగా చదవబోతే ఎన్నేళ్లయినా కూడబలుక్కోవడమే. ఒక నోటు నుంచి ఇంకో నోటుకు ఎంత దూరమో చూడటం అలవాటు చేసుకుంటే మూడు నెలల్లో చిన్న చిన్న పాటలు చూసి వాయించవచ్చు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. పేరు రాసుకోవడం ఆ అలవాటును పుట్టకముందే చంపేస్తుంది. కింద అక్షరం కనబడితే కన్ను దాని మీదే వాలుతుంది, పైనున్న చుక్కను చూడదు. పెన్సిలుతో రాసిన ఆ 'గ' ఏ స్థాయిదో చెప్పదు, ఎంతసేపు పట్టుకోవాలో చెప్పదు, ముందు నోటు కన్నా పైకి వెళ్లిందా కిందికి వచ్చిందా చెప్పదు. ఈ మూడూ చెప్పేది పైనున్న చుక్కే.

సరిగమల్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. త్యాగరాజస్వామి పూర్వీకుల ఊరు కాకర్ల, శ్యామశాస్త్రి పూర్వీకుల ఊరు కంభం. రెండూ ఉమ్మడి ప్రకాశం జిల్లావే. ఈ నేలకు సరిగమలు సొంత ఆస్తి. సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథాన్ని అచ్చు వేయించినప్పుడు తెలుగు లిపిలోనే స్వరాలు, వాటి మీద గమకాల గుర్తులు అంత సూక్ష్మంగా ఇవ్వగలిగారంటే ఆ పద్ధతికి ఎంత బలం ఉందో అర్థమవుతుంది. మన లిపిలో చుక్క పైన పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రస్థాయి, కామా ఒక అక్షరకాలం, సెమీకోలన్ రెండు. అది పూర్తి పద్ధతి. పుస్తకాల్లో పెన్సిలుతో రాసుకునే సరిగమల్లో మాత్రం చుక్కలూ ఉండవు, కామాలూ ఉండవు. అది మన పద్ధతీ కాదు, పాశ్చాత్యుల పద్ధతీ కాదు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మన 'స' కదులుతుంది. పాడేవాళ్ల శ్రుతి ఒకటి అయితే సి దగ్గర ఉంటుంది, ఒకటిన్నర అయితే సి షార్ప్ (సి కి కుడి పక్క నల్లమెట్టు) దగ్గర, అయిదు అయితే జి దగ్గర. స్టాఫ్ మీది సి మాత్రం కదలదు. మిడిల్ సి, అంటే కీబోర్డు నడుమ ఉండే సి, ఎప్పుడూ ఆ ఒక్క మెట్టే (నొక్కే మీటే). ఎ ని 440 హెర్ట్‌జ్‌కు శ్రుతి చేసిన వాద్యంలో అది సుమారు 261.6 హెర్ట్‌జ్. సి స్కేలులో ఉన్న మొదటి పది పాఠాలకు సి కింద 'స' అని రాసుకుంటే ఇబ్బంది తెలియదు. పదకొండో పాఠం జి స్కేలులో వస్తుంది. అక్కడ పాట జి మీద నిలబడుతుంది, కాబట్టి సంగీతం తెలిసిన చెవి జి ని 'స' అని వింటుంది. పుస్తకంలో మాత్రం దాని కింద 'ప' అని ఉంటుంది. చెవి ఒకటి, కన్ను ఒకటి చెబుతుంటే వేళ్లు తడబడతాయి. "నాకు చెవి మంచిదే, పుస్తకం చూస్తేనే గందరగోళం" అనేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఇదే. సి, డి, ఇ అని రాసుకునేవాళ్లకు ఈ గొడవ లేదు గానీ మిగతా నష్టాలన్నీ ఉన్నాయి.

పేర్లు రాసుకోకపోతే ఏ నోటు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? నెల్లూరులో ఎవరికైనా ఇల్లు ఎలా చెబుతామో అలాగే. ట్రంకురోడ్డు మొదటి నుంచి దుకాణాలు లెక్కపెట్టుకుంటూ రమ్మని ఎవరూ చెప్పరు. గాంధీబొమ్మ దగ్గర దిగి, అక్కడి నుంచి రెండో సందు అంటారు. అందరికీ తెలిసిన ఒక గుర్తు, ఆ గుర్తు నుంచి కొద్ది దూరం. స్టాఫ్ కూడా అంతే. ఇంగ్లీషు పుస్తకాల్లో గీతలకో వాక్యం, గీతల నడుమ సందులకో మాట బట్టీ పెట్టమంటారు, వాటిలోని అక్షరాలను బట్టి నోట్ల పేర్లు తెలుస్తాయని. ఆ వాక్యంతో పై గీత మీది నోటు తెలుసుకోవాలంటే కింది గీత నుంచి ఒక్కో మాటా అనుకుంటూ ఎక్కాలి. అలా ఎక్కే లోపల పాట రెండు బార్లు (నిలువు గీతల నడుమ ఉండే లయ ముక్కలు) దాటిపోతుంది. బట్టీ వాక్యం పరీక్షలో పేరు రాయడానికి పనికొస్తుందేమో, వాయించడానికి పనికిరాదు.

మొదటి వారంలో కంటికి పట్టించాల్సిన గుర్తులు మూడే. పియానో నొటేషన్‌లో పైన అయిదు గీతలు, కింద అయిదు గీతలు ఉంటాయి. పైదానికి ముందు సుడి తిరిగినట్టుండే గుర్తు ట్రెబుల్ క్లెఫ్. పాతకాలపు జి అక్షరమే మారి మారి ఆ రూపానికి వచ్చింది. దాని సుడి కింది నుంచి రెండో గీతను చుట్టుకుంటుంది, ఆ గీత జి. కిందిదానికి ముందున్న బేస్ క్లెఫ్ ఎఫ్ అక్షరం నుంచి వచ్చింది. దాని రెండు చుక్కల మధ్య నుంచి పోయే గీత, అంటే కింది నుంచి నాలుగోది, ఎఫ్. ఈ రెంటికీ సరిగ్గా నడుమ మిడిల్ సి. పై అయిదు గీతల కింద ఒక చిన్న అదనపు గీత మీద అయినా, కింది అయిదు గీతల పైన ఒక చిన్న గీత మీద అయినా అది ఒకటే మెట్టు. మొదట్లో చాలామంది ఈ రెండూ వేరు వేరు సి లనుకుంటారు. పైన అయిదు, కింద అయిదు, నడుమ ఒకటి కలిపి పదకొండు గీతల నిచ్చెన అనుకుంటే ఆ పొరపాటు రాదు. నడిమి గీత తీసేసి, రెండు చేతులకూ వేరుగా కనబడాలని ఎడం పెంచి అచ్చువేస్తారు, అంతే.

రెండో వారం ఇంకో రెండు చేర్చండి. ట్రెబుల్‌లో కింది నుంచి మూడో సందు ఒక సి, బేస్‌లో కింది నుంచి రెండో సందు ఇంకో సి. మిడిల్ సి దగ్గర అద్దం పెట్టినట్టు ఇవి రెండూ ఎదురెదురుగా ఉంటాయి. తర్వాత ట్రెబుల్ పైన రెండో అదనపు గీత మీద సి, బేస్ కింద రెండో అదనపు గీత మీద సి. మామూలుగా ఇళ్లలో ఉండే 61 మెట్ల కీబోర్డులో ఎడమ చివరి మెట్టు సరిగ్గా ఈ కింది సి యే. మిడిల్ సి ఎడమ నుంచి మూడో సి. 88 మెట్ల పియానోలో అయితే అది నాలుగో సి. కీబోర్డు మీద నేర్చుకుని పియానో ముందు కూర్చున్నవాళ్లు ఒక స్థాయి కింద మొదలుపెట్టడం తరచూ జరుగుతుంది, కారణం ఈ లెక్కే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బేస్ క్లెఫ్‌ను తర్వాత చూద్దామని వాయిదా వేయకండి. రెండూ ఒకే రోజు మొదలుపెట్టాలి. ఆరు నెలలు ట్రెబుల్ ఒక్కటే చదివినవాళ్లకు బేస్ ఎప్పటికీ పరాయిదిగానే ఉండిపోతుంది. "ట్రెబుల్‌లో ఏ పేరొస్తుందో దానికి రెండు కలుపుకో" అని ఒక చిట్కా చెబుతుంటారు. ట్రెబుల్‌లో ఇ అయిన కింది గీత బేస్‌లో జి అవుతుంది కాబట్టి లెక్క తప్పు కాదు. అయినా ఆ చిట్కా పట్టినవాళ్లు ఎడమచేతి నోటు ప్రతిదాన్నీ ముందు కుడిచేతి భాషలో చదివి, తర్వాత మార్చుకుంటారు. ఆ అదనపు పని ఏళ్ల తరబడి వదలదు. బేస్‌కు దాని గుర్తులు దానికే ఉన్నాయి, వాటి నుంచే చదవాలి.

ఇక దూరాలు. అసలు విద్య ఇదే, ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. గీత మీది నోటు నుంచి ఆనుకుని ఉన్న సందుకు వెళ్తే ఒక అడుగు: పక్క తెల్లమెట్టు, పక్క వేలు. గీత నుంచి తర్వాతి గీతకు, లేదా సందు నుంచి తర్వాతి సందుకు వెళ్తే ఒక దాటు: నడుమ ఒక మెట్టు వదిలేస్తాం, ఒక వేలు వదిలేస్తాం. గీత నుంచి ఒక గీత వదిలి ఆ పై గీతకు వెళ్తే అయిదో స్వరం, బొటనవేలి నుంచి చిటికెనవేలికి. స నుంచి ప కు ఉన్న దూరం ఇదే, ఎక్కడ మొదలుపెట్టినా కంటికి ఇలాగే కనిపిస్తుంది. మన సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది పెద్ద వరం. సరిగమలు పేర్లుగా పనికిరావన్నానే గానీ, దూరాలుగా ఎంతో పనికొస్తాయి. స-గ, రి-మ, గ-ప అంటూ దాటు వరుసలు సాధన చేసిన గొంతుకు స్టాఫ్ మీది దాటు కొత్తది కాదు.

ఒక సూత్రం గుర్తుంటే చాలా తప్పులు ఆగిపోతాయి. మొదలైన నోటును కూడా లెక్కలో కలుపుకుంటే 3, 5, 7 దూరాలు గీత నుంచి గీతకో, సందు నుంచి సందుకో పోతాయి. 2, 4, 6, 8 దూరాలు గీత నుంచి సందుకు, సందు నుంచి గీతకు మారతాయి. స నుంచి పై స కు దూరం 8 కాబట్టి గీత మీద మొదలైతే సందులో తేలుతుంది. పేరు ఒకటే కదా, చోటు కూడా ఒకేలా ఉండాలి కదా అనుకుని చాలామంది అక్కడ ఏడో స్వరం నొక్కేస్తారు.

సాధన ఎలాగంటే, వాయించకుండా ఒక వరుసను నోటితో చదవండి. పేర్లు వద్దు. "మిడిల్ సి, పైకి అడుగు, పైకి అడుగు, అదే, కిందికి దాటు, పైకి అయిదు" అని గట్టిగా అనండి. ఆపకుండా చెప్పగలిగితే అప్పుడు మెట్ల మీద చెయ్యి పెట్టండి. రెండు మూడు వారాలకు ఈ మాటలు కూడా అక్కర్లేకుండా పోతాయి. చుక్కల వరుస పైకి వాలిందంటే చెయ్యి దానంతట అదే పైకి పోతుంది. ఆత్మకూరు బస్టాండులో కావలి బస్సు ఎక్కేవాళ్లు బోర్డు మీద క కు దీర్ఘమిస్తే కా అని కూడబలుక్కోరు కదా. మాట ఆకారం చూసి ఎక్కేస్తారు.

వేళ్ల అంకెలతో ఒక ప్రమాదం ఉంది. నోటు పైన 1, 2, 3 అని అచ్చులో ఉండేవి వేళ్ల గుర్తులు, రెండు చేతులకూ బొటనవేలు 1, చిటికెనవేలు 5. పుస్తకం మొదటి ముప్పై పేజీలూ బొటనవేలు మిడిల్ సి మీదే ఉంచితే, నేర్చుకునేవాళ్లు చుక్కల్ని వదిలేసి అంకెలే చదువుతారు. అది కూడా కింద సరిగమలు రాసుకోవడం లాంటిదే. మూడో వారం నుంచే చెయ్యి చోటు మార్చాలి. అదే వరుసను డి మీద బొటనవేలు పెట్టి ఒకసారి, మధ్యవేలితో మొదలుపెట్టి ఒకసారి వాయించి చూడండి. కన్ను దేన్ని చదువుతోందో వెంటనే బయటపడుతుంది.

స్టాఫ్ ఒక విషయం చూపించదు, అది ముందే తెలిసి ఉండాలి. అన్ని అడుగులూ కంటికి ఒకే దూరంలా కనిపిస్తాయి, మెట్ల మీద అన్నీ సమానం కాదు. ఇ కీ ఎఫ్ కీ నడుమ, బి కీ సి కీ నడుమ నల్లమెట్టు లేదు. గ నుంచి మ కు, ని నుంచి పై స కు శంకరాభరణంలో ఉన్న దగ్గరితనం ఇదే. మనకు రి అనే పేరు కింద శుద్ధ, చతుశ్రుతి భేదాలున్నట్టే, వాళ్లకు ఒక గీత మీదే డి, డి ఫ్లాట్ (డి కి ఎడమ పక్క నల్లమెట్టు), డి షార్ప్ ఉంటాయి. ఏ డి అన్నది పక్కనున్న గుర్తు చెబుతుంది. పాట మొదట్లో క్లెఫ్ పక్కన పెట్టే షార్పులు, ఫ్లాట్లు (వీటినే కీ సిగ్నేచర్ అంటారు) రాగ లక్షణం లాంటివి. ఈ రాగంలో ప్రతిమధ్యమం అని ఒకసారి చెబితే ప్రతిసారీ చెప్పక్కర్లేనట్టు, మొదట్లో ఎఫ్ గీత మీద షార్ప్ పెడితే ఆ పాటలో ప్రతి ఎఫ్ షార్పే, ఏ స్థాయిలో వచ్చినా. పాట మధ్యలో అప్పటికప్పుడు వచ్చే గుర్తు మాత్రం ఆ బార్ గీత వరకే, ఆ స్థాయికే పనిచేస్తుంది. బార్ దాటాక కూడా షార్ప్ వాయించేయడం, లేదా అదే బార్‌లో రెండోసారి వచ్చినప్పుడు మరిచిపోవడం, ఈ రెండు తప్పులూ దాదాపు అందరూ చేస్తారు.

ఇక్కడే ఇంకో సంగతి. మనవాళ్లు అభిమానం కొద్దీ మన సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరుసల్ని స్టాఫ్ మీద రాసి మొదటి పాఠంగా ఇస్తుంటారు. దయచేసి అలా చేయకండి. సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో ఉంటాయి. సి ని స గా తీసుకుంటే అందులో డి ఫ్లాట్, ఎ ఫ్లాట్ వస్తాయి. వాడుకలో ఉన్న కీ సిగ్నేచర్లలో ఈ రెండు ఫ్లాట్లే ఉన్నది ఒక్కటీ లేదు. వాళ్ల క్రమంలో బి, ఇ ఫ్లాట్ అయ్యాకే ఎ, డి ల వంతు. కాబట్టి ప్రతి బార్‌లోనూ గుర్తులు మళ్లీ మళ్లీ పెట్టుకోవాలి. గొంతుకు ఎంతో మంచిదైన పాఠం కంటికి ముళ్లకంపలా తయారవుతుంది. స్టాఫ్‌కు మొదటి మెట్టు శంకరాభరణం, అన్నీ తెల్లమెట్లే. తర్వాత మోహనం. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో సెయింట్ జార్జి కోట బ్యాండు వాయించే బాణీలు విని కట్టిన నోటు స్వరాలు దీనికి ఎంతో బాగుంటాయి. గమకాలు లేవు, నడక సూటిగా ఉంటుంది, ఆ బాణీలు పుట్టిందీ ఆ సంప్రదాయంలోనే. సరిగమల్లో ఉన్న నోటు స్వరం ఒకటి తీసుకుని, చేత్తో గీతలు గీసిన కాగితం మీద మీరే స్టాఫ్‌లోకి రాయండి. చుక్క కింద అక్షరం రాయొద్దన్నాను, అక్షరాన్ని చుక్కగా మార్చడం మాత్రం ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిది. రోజుకు నాలుగు బార్లు రాస్తే చాలు. నోటు తలకాయ, అంటే ఆ చుక్క, గీత మీద ఉండాలా సందులో ఉండాలా అని ఒక్కో నోటుకూ ఆలోచించిన చెయ్యి, చదివేటప్పుడు తడుముకోదు.

కాలం సంగతికొస్తే మనవాళ్లకు ఎంతో వెసులుబాటు ఉంది, ఎవరూ వాడుకోరు. క్వార్టర్ నోటును ఒక దెబ్బ అనుకుంటే హాఫ్ నోటు రెండు, హోల్ నోటు నాలుగు, ఎయిత్ నోటు అర. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల పుస్తకాల్లో వీటినే క్రాచెట్, మినిమ్, సెమీబ్రీవ్, క్వేవర్ అంటారు. పేర్లు వేరు, కాలం ఒకటే. ఆదితాళంలో సరళీ వరుస మొదటి కాలం వాయించినట్టుంటుంది క్వార్టర్ నోట్ల వరుస, రెండో కాలం ఎయిత్ నోట్లు, మూడో కాలం సిక్స్‌టీన్త్ నోట్లు. ఆదితాళం ఒక ఆవృతం 4/4లో, అంటే బార్‌కు నాలుగు దెబ్బల లెక్కలో, రెండు బార్లు. చేతి వేళ్ల మీద తాళం వేయగలిగిన మనిషికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది గుర్తుల ఆకారాలు మాత్రమే.

లెక్కపెట్టడం మాత్రం "ఒకటి రెండు మూడు నాలుగు" అని వద్దు. ఒకటి అనడానికి మూడు అక్షరాలు, మూడు అనడానికి రెండు. దెబ్బను సగం చేయాల్సి వచ్చినప్పుడు ఆ మాటలు ఎక్కడ విరగాలో తెలియదు. ఇంగ్లీషు పుస్తకం చెప్పిన 'వన్ అండ్ టూ అండ్' మన నాలుక మీద సాగదీతగా మారుతుంది. మృదంగం జతులు వాడండి. క్వార్టర్ నోటుకు 'తా', రెండు ఎయిత్ నోట్లకు 'తక', నాలుగు సిక్స్‌టీన్త్‌లకు 'తకధిమి', ఒక దెబ్బలో మూడు వస్తే 'తకిట'. అందరినీ ఇబ్బంది పెట్టే చుక్క పెట్టిన క్వార్టర్ (ఒకటిన్నర దెబ్బ), దాని వెంట ఎయిత్ కూడా ఇలా తేలిపోతుంది. ఆ రెండూ కలిపి రెండు దెబ్బలు, అంటే 'తక తక'. మొదటి 'త' మీద నొక్కి పట్టుకోండి, చివరి 'క' మీద రెండో నోటు. ముందు వాయించకుండా తొడ మీద తడుతూ నోటితో జతి చెప్పండి, రెండు చేతులకూ వేరు వేరుగా. జతి తడబడిన చోట వేళ్లు కూడా తప్పకుండా తడబడతాయి. అక్కడ దోషం వేళ్లది కాదు.

ఇందులో కనబడే తప్పులు కొన్నే. హాఫ్ నోటును రెండు దెబ్బలూ పట్టుకోకుండా వదిలేస్తారు. రెండు ఒకే నోట్లను కలుపుతూ వంపుగీత ఉంటే రెండోదాన్ని మళ్లీ నొక్కుతారు, దాన్ని పట్టుకునే ఉండాలి. అన్నిటికన్నా పెద్దది, ప్రతి బార్ గీత దగ్గరా ఊపిరి పీల్చుకున్నట్టు ఆగడం. బార్ గీత లెక్క కోసం పెట్టినది, అక్కడ ఆగమని కాదు. కన్ను ఆ గీత దాకే చూసి నిలబడిపోవడం వల్ల ఈ ఆగడం వస్తుంది.

దానికి మందు పోస్టుకార్డు. ఇంట్లో ఎవరినైనా పక్కన నిలబెట్టి, మీరు ఒక బార్ మొదలుపెట్టగానే ఆ బార్‌ను కార్డుతో మూసేయమనండి. ఇష్టం ఉన్నా లేకున్నా కన్ను తర్వాతి బార్‌కు పోవాల్సిందే. మొదట్లో బార్ సగం అయ్యాక మూయమనండి. వారం తిరిగేసరికి మొదటి దెబ్బకే మూసినా ఫరవాలేదనిపిస్తుంది. కీబోర్డులో లయ కొట్టే మెట్రోనోమ్‌ను 50 దగ్గర, అంటే నిమిషానికి 50 దెబ్బలకు, పెట్టుకోండి. స్టైల్ రిథమ్ వేయకండి, ఆ డ్రమ్ముల హోరులో మీ తప్పులు మీకే వినబడవు. తప్పు నొక్కితే వెనక్కి వెళ్లకండి. పాట నడుస్తూనే ఉండాలి, తప్పిన నోటు తప్పినట్టే. చదివే సాధనకు ఇదే మొదటి నియమం. పాటను అందంగా తయారుచేసే సాధన వేరు, దానికి వేరే సమయం పెట్టుకోండి.

చేతుల వైపు చూడకూడదు. చూసి తల ఎత్తేసరికి చదువుతున్న చోటు పోతుంది. నల్లమెట్లు రెండు రెండుగా, మూడు మూడుగా ఉండేది ఇందుకే పనికొస్తుంది. కళ్లు మూసుకుని రెండు నల్లమెట్ల గుంపును తడమండి. వాటి నడుమ ఉండేది డి, ఎడమ పక్కన సి. మూడింటి గుంపుకు ఎడమ పక్కన ఎఫ్. రోజూ రెండు నిమిషాలు ఇలా వెతికితే నెలలో చేతికి కళ్లొస్తాయి. అప్పటికీ చూపు కిందికి పోతుంటే చేతుల మీద తువ్వాలు కప్పుకుని వాయించండి.

కూర్చునే తీరు గురించి రొంత. హార్మోనియంలాగా కీబోర్డును నేల మీద పెట్టుకుంటే కాగితం ఎక్కడ పెట్టినా తల వంచాల్సిందే. స్టాండు మీద పెట్టి, మోచేతులు మెట్ల ఎత్తులో ఉండేలా కూర్చోండి, కాగితం కంటికి ఎదురుగా ఉండాలి. ఫోనులో చూసి చదవకండి, రెండు బార్లకోసారి తెర జరపాల్సి వస్తుంది. జెరాక్సు కొట్టులో ఏ4ను ఏ3కి పెంచమంటే, అంటే 141 శాతం, గీతల నడుమ సందులు స్పష్టంగా కనబడతాయి. పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్లకు ఈ ఒక్క మార్పే సగం కష్టం తీరుస్తుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ సున్నా మీద ఉందో లేదో ప్రతిసారీ చూడండి. నిన్న ఎవరి శ్రుతికో రెండు పెంచి వదిలేస్తే ఈరోజు కాగితం మీది సి నొక్కినప్పుడు డి మోగుతుంది. కార్డు (ఇంగ్లీషు chord, ఒకేసారి కలిపి మోగే నోట్లు) మోడ్ ఆన్‌లో ఉంటే ఎడమచేతి నోట్లు ఒక్కొక్కటిగా మోగవు, అదీ ఆపేయాలి.

రోజుకు పదిహేను నిమిషాల్లో రెండు నిమిషాలు మెట్ల తడుములాట, మూడు నిమిషాలు అడుగు-దాటు, జతి, మిగిలిన పది నిమిషాలూ కొత్త పాటలు. ఒక్కోటి ఎనిమిది బార్లు, రోజుకు మూడు. ఏ పాటా రెండుసార్ల కన్నా ఎక్కువ వాయించొద్దు. మూడోసారికి అది చదవడం కాదు, జ్ఞాపకం. ఈ లెక్కన నెలకు తొంభై పాటలు కావాలి, ఒక పుస్తకం ఏ మూలకూ చాలదు. మీరు వాయించగల స్థాయి కన్నా రెండు మెట్లు తేలికైనవి ఎంచుకోవాలి. హంగరీ స్వరకర్త బార్టోక్ పియానో కోసం రాసిన మైక్రోకాస్మోస్‌లో ఆరు సంపుటాలు, 153 ముక్కలు ఉన్నాయి. మొదటి సంపుటం మొదట్లో రెండు చేతులూ ఒకే బాణీని వాయిస్తాయి, చెయ్యి చోటు మారుతూ పోతుంది. చదవడానికే పుట్టినట్టుంటాయవి.

మన జిల్లాల్లో కీబోర్డు ముందు కూర్చునేవాళ్లలో చర్చిలో వాయించేవాళ్లు చాలా ఎక్కువ. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది, తర్వాత ఒంగోలులో పాతుకుంది. ఆ సంఘాల్లో పాటకు ఎప్పుడూ లోటు లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట తల మీద రాగం, తాళం పేర్లు ఉంటాయి, మిగతాదంతా చెవితో పట్టుకుని కార్డులు వేసుకుంటారు. ఇలా వాయించేవాళ్లకు చదవడం రాదని నేను అనను. వాళ్లకు కార్డులు వచ్చు, అది చాలా పెద్ద ఆస్తి. స్టాఫ్ మీద మూడు నోట్లు ఒకదాని మీద ఒకటి గీత-గీత-గీతగా, లేదా సందు-సందు-సందుగా పేర్చి ఉంటే, అన్నిటికన్నా కిందిదే కార్డు పేరు. ట్రెబుల్‌లో కింది మూడు సందులూ ఎఫ్ కార్డు. రెండు, మూడు, నాలుగు గీతలు జి కార్డు. వరుస సమంగా లేకుండా ఒకచోట రెండు నోట్ల నడుమ ఎడం పెద్దదిగా కనిపిస్తే అది తిరగేసిన కార్డు. ఆ పెద్ద ఎడానికి పైనున్న నోటే కార్డు పేరు. మూడు నోట్లు విడివిడిగా చదవక్కర్లేదు, ఆకారం చూస్తే చెయ్యి తెలిసిన చోటే పడుతుంది.

ఇంగ్లీషు హిమ్ పుస్తకాల్లో నాలుగు గొంతుల నొటేషన్ చూసి వీళ్లు భయపడుతుంటారు. మొదటి ఆరు నెలలు నాలుగూ వాయించబోకండి. పై స్టాఫ్‌లో కాడ పైకి ఉన్న నోట్లు సొప్రానో, పాట బాణీ అదే. కింది స్టాఫ్‌లో కాడ కిందికి ఉన్నవి బేస్, అంటే అన్నిటికన్నా కింది గొంతు. కుడిచేతికి అది, ఎడమచేతికి ఇది, రెండే వరుసలు. సంఘం పాడుతుంటే ఈ రెండూ చాలు. అవి నిలబడ్డాక నడిమి గొంతులు ఒక్కోటి చేర్చుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, చెవి ఉంటే చాలదా అని నెల్లూరులో అడిగేవాళ్లు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు చెబుతారు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోకుండానే ఆయన అంతటివారయ్యారు కదా అని. నిజమే. గాయకుడు విని పట్టుకుంటాడు, అది ఆయన పని, అందులో ఆయనకు ఆయనే సాటి. అదే మద్రాసు స్టూడియోల్లో ఆయన వెనక వరుసలుగా కూర్చున్న వయొలిన్ల ముందు కాగితాలుండేవి. ఇళయరాజా స్టాఫ్ నొటేషన్‌లో రాసిస్తే, అప్పటిదాకా విననే వినని సంగీతాన్ని వాళ్లు కాగితం చూసి వాయించేవారు. వెయ్యేళ్ల కిందట ఇటలీలో గీడో అనే సన్యాసి గీతలు గీసి పిల్లలకు నేర్పిందీ ఇందుకే: వినని పాటను కూడా చూసి పాడగలగాలని. చెవి విన్నదాన్ని ఇస్తుంది. విననిదాన్ని ఇవ్వడం దాని పని కాదు. నెల్లూరులో ఉండి, పియానో కచేరీ ఒక్కటైనా ఎదురుగా వినే అవకాశం లేని పిల్లకు ఆ రెండో దారి మూసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పటికే పుస్తకం నిండా సరిగమలు రాసుకున్నవాళ్లు రబ్బరుతో తుడుస్తూ కూర్చోకండి, మరకలు మిగులుతాయి, కన్ను ఆ మరకల్లోనే వెతుక్కుంటుంది. అవే పాటలు మళ్లీ తీసుకోకండి కూడా, అవి ఇప్పటికే జ్ఞాపకంలో ఉన్నాయి. అంతకన్నా తేలికైన కొత్త కాగితాలు జెరాక్సు తీయించుకోండి. వాటి మీద పెన్సిలు పెట్టాల్సి వస్తే నాలుగింటికే పెట్టండి. చెయ్యి చోటు మారే దగ్గర ఒక్క వేలి అంకె. రెండుసార్లు మరిచిపోయిన షార్ప్ చుట్టూ ఒక సున్నా. కుదరని లయ దగ్గర దెబ్బ ఎక్కడ పడుతుందో నిలువు గీత. పేజీ చివర తర్వాతి పేజీ మొదటి నోటు కనబడకపోతే ముందే చూసుకోమని ఒక బాణం. గుర్తుల నుంచి బాగా దూరంగా, మూడో నాలుగో అదనపు గీత మీద ఒంటరిగా నిలబడ్డ నోటుకు మాత్రం మొదటి నెలలో పేరు రాసుకోండి, రెండో నెలలో దాన్ని తుడిపేయండి.